ఆల్బనీ ఎంపైర్ రెండుసార్లు ఎందుకు మూతపడింది

2019 ఆగస్టు 11, ఆదివారం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో టైమ్స్ యూనియన్ సెంటర్ అనే ఇండోర్ స్టేడియంలో 12 వేలకు పైగా జనం కూర్చున్నారు. ఊరి జట్టు ఆల్బనీ ఎంపైర్ ఆ రోజు ఫిలడెల్ఫియా సోల్‌ని 45-27తో ఓడించి అరీనా ఫుట్‌బాల్ (ఇండోర్‌లో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) లీగ్ ఛాంపియన్ అయింది. జట్టు పుట్టి రెండేళ్లే. అప్పటికే జనం అలవాటు పడ్డారు, పిల్లలు ఆటగాళ్ల పేర్లు నోటికి చెప్పేస్తున్నారు, కొత్త సీజన్ మొదలయ్యే ఏప్రిల్ ఎప్పుడొస్తుందా అనుకుంటూ ఇళ్లకు వెళ్లారు.

ఆ ఏప్రిల్ రాలేదు. అక్టోబర్ చివర్లో లీగ్ తన జట్లన్నిటి ఆఫీసులూ మూసేసింది, నవంబర్ 27న దివాలా పిటిషన్ వేసింది. అది కూడా అప్పులు సర్దుకుని మళ్లీ నడుపుకునే రకం దివాలా కాదు, ఉన్నది అమ్మేసి మూసేసే రకం. కప్పు గెలిచిన మూడున్నర నెలలకు ఆల్బనీకి జట్టు లేదు, ఆడటానికి లీగూ లేదు.

ఒక జట్టు పడిపోయిందంటే మామూలుగా మనం వెతికే కారణాలు రెండే. ఆట బాగా లేకపోవడం, లేదా జనం రాకపోవడం. ఆల్బనీలో ఈ రెండూ లేవు. అందుకే ఈ జట్టు కథ చూడాలి. ఎంపైర్ అదే పేరుతో రెండోసారి లేచి, రెండుసార్లు టైటిల్ గెలిచి, మళ్లీ పడిపోయింది. ఆ రెండోసారి కూడా కారణం మైదానంలో లేదు.

ముందు ఆట గురించి కొంచెం. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసింది హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు, కోలగా ఉండే బంతి, వంద గజాల మైదానం. దాన్నే పైకప్పు కింద, ఐస్ హాకీ ఆడే చోట ఆడితే ఎలా ఉంటుందని ఆలోచించినాయన జిమ్ ఫాస్టర్. 1981లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) చూస్తూ, చేతిలో ఉన్న కవరు మీదే ఈ మైదానం బొమ్మ గీసుకున్నాడు. 1987లో నాలుగు జట్లతో లీగ్ మొదలైంది.

ఆ కవరు మీద లెక్క ఎంత కచ్చితంగా కుదిరిందో చూడండి. అమెరికాలో ఐస్ హాకీ రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అరీనా ఫుట్‌బాల్ మైదానం 50 గజాలు, రెండు చివర్లా ఎనిమిదేసి గజాల ఎండ్ జోన్లు (బంతి చేరితే పాయింట్లు వచ్చే చోట్లు), మొత్తం 66 గజాలు, అంటే 198 అడుగులు. వెడల్పు అదే 85 అడుగులు. రింకు చుట్టూ ఉండే గోడకు మందపాటి ఫోమ్ తొడిగితే అదే బౌండరీ. జట్టుకు పదకొండు మంది బదులు ఎనిమిది మంది. గోల్‌పోస్టుకు రెండు పక్కలా పెద్ద వలలు వేలాడతాయి. తన్నిన బంతి ఆ వలకు తగిలి తిరిగి వస్తే ఆట ఆగదు, ఎవరి చేతికి చిక్కితే వాళ్లు పరుగు. పంటింగ్ లేదు, అంటే బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకునే వీలు లేదు. అందుకే స్కోర్లు 60, 70 దాకా పోతుంటాయి. రిసీవర్, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాడు, బంతి పట్టుకుని గోడ మీదుగా మొదటి వరసలో కూర్చున్నవాళ్ల ఒళ్లో పడిపోవడం ఇక్కడ ఎప్పుడూ జరిగేదే. బంతి జనంలోకి వెళ్తే పట్టుకున్నవాళ్లే ఇంటికి తీసుకుపోవచ్చు. పదేళ్ల పిల్లాడు ఒకసారి ఆ బంతి పట్టుకున్నాడంటే ఆ ఇల్లంతా ఆ జట్టుదే.

అంటే ఇది దగ్గర నుంచి చూడాల్సిన ఆట. దాని బలం అదే, డబ్బు దగ్గర బలహీనత కూడా అదే. ఆ సంగతి తర్వాత.

ఇంత చిన్న ఊరిలో ఈ ఆట ఎందుకు అంత పట్టింది? న్యూయార్క్ రాష్ట్ర రాజధాని అనగానే చాలామందికి న్యూయార్క్ నగరమే గుర్తొస్తుంది గానీ రాజధాని ఆల్బనీ. నగరం నుంచి హడ్సన్ నది వెంట రైల్లో రెండున్నర గంటలు ఉత్తరానికి పోవాలి. ఊరి జనాభా దాదాపు లక్ష. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్టు లేదు, వచ్చే ఆశ కూడా లేదు. 1990లో ఊరి నడిబొడ్డున పెద్ద అరీనా కట్టారు. అప్పట్లో దాని పేరు నికర్‌బాకర్ అరీనా, తర్వాత పెప్సీ అరీనా, తర్వాత టైమ్స్ యూనియన్ సెంటర్, ఇప్పుడు ఎంవీపీ అరీనా. కట్టిన ఏడాదే అందులోకి ఆల్బనీ ఫైర్‌బర్డ్స్ అనే అరీనా ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. పెద్ద లీగులు పట్టించుకోని ఊరికి అది సొంత జట్టు.

ఆ ఫైర్‌బర్డ్స్‌లో ఎడ్డీ బ్రౌన్ ఆడాడు. ఊళ్లో అందరూ ‘టచ్‌డౌన్’ ఎడ్డీ బ్రౌన్ అనేవాళ్లు. టచ్‌డౌన్ అంటే ఎండ్ జోన్‌లోకి బంతి చేర్చి పాయింట్లు కొట్టడం. 1999లో ఫైర్‌బర్డ్స్ సొంత గడ్డ మీద ఓర్లాండో ప్రెడేటర్స్‌ని 59-48తో ఓడించి టైటిల్ గెలిచింది. 2006లో లీగ్ తన ఇరవై ఏళ్ల చరిత్రలో గొప్ప ఆటగాళ్ల జాబితా వేస్తే మొదటి పేరు ఎడ్డీ బ్రౌన్‌దే. మరి ఆ జట్టేమైంది? టైటిల్ గెలిచిన మరుసటి సీజన్ అవగానే ఓనర్ దాన్ని ఇండియానాపొలిస్‌కి తరలించాడు. అమెరికాలో ఫ్రాంచైజీ ఊరి సొత్తు కాదు, ఓనర్ సొత్తు. నచ్చినప్పుడు మూటాముల్లె సర్దుకోవచ్చు. ఆల్బనీకి ఆ దెబ్బ అప్పుడే తగిలింది. ఎడ్డీ బ్రౌన్ ఇంటి పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఇక లీగ్ సంగతి. 2000ల మొదట్లో అరీనా ఫుట్‌బాల్ బాగా వెలిగింది. అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే అరీనా జట్టులో ఆడిన కర్ట్ వార్నర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లి, సెయింట్ లూయిస్ రామ్స్‌ని ఆ లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్ గెలిపించి, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అవడంతో ఈ ఆట పేరు దేశమంతా మోగింది. 2003 నుంచి ఎన్‌బీసీ టీవీ మ్యాచ్‌లు చూపించింది. కానీ ఆ ఒప్పందంలో హక్కుల కోసం ముందుగా కట్టే డబ్బు లేదు. ప్రకటనల మీద వచ్చిందే పంచుకోవాలి. టీవీలో కనిపించడానికీ, టీవీ మీద బతకడానికీ ఎంత తేడా ఉందో అందరికీ అర్థమయ్యేసరికి ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. 2008లో 17 జట్లు ఆడాయి, 2009 సీజన్ రద్దయింది, లీగ్ దివాలా తీసింది. 2010లో పేరు కొనుక్కున్న కొత్తవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు గానీ పాత ఊపు రాలేదు. 2016లో ఎనిమిది జట్లు. ఆ ఏడాది ఫైనల్ ఆడిన అరిజోనా రాట్లర్స్ కూడా సీజన్ అవగానే ఈ లీగ్‌లో మనకు భవిష్యత్తు లేదని లెక్కేసుకుని ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ అనే వేరే లీగ్‌కి మారిపోయింది. ఆ జట్టు ఆ తర్వాతా నిలబడింది, ఆడింది. ఈ మొత్తం చరిత్రలో అందరికంటే ముందుచూపు ఉన్న నిర్ణయం అదే అనిపిస్తుంది. 2017లో ఐదు జట్లు మిగిలాయి.

అలాంటి సమయంలో, 2018లో, ఆల్బనీ ఎంపైర్ పుట్టింది. స్థానిక వ్యాపారులు ముందుకొచ్చారు, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ మాజీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు) రాన్ జావొర్‌స్కీ కూడా ఇందులో ఉన్నాడు. కోచ్ రాబ్ కీఫ్, క్వార్టర్‌బ్యాక్ టామీ గ్రేడీ. ఈ లీగ్ జట్టు కోసం పద్దెనిమిదేళ్లు ఆగిన ఊరు కదా, జనం తోసుకుంటూ వచ్చారు. లీగ్‌లో జనాన్ని రప్పించే జట్లలో ఎంపైర్ మొదటి ఏడాదే ముందు వరసలో ఉంది.

కానీ ఆ ఏడాది లీగ్ మొత్తం మీద జట్లు నాలుగే. పన్నెండు మ్యాచ్‌ల సీజన్, ప్రత్యర్థులు ముగ్గురు. లెక్క వేస్తే అదే జట్టుతో నాలుగేసిసార్లు ఆడాలి. ప్లేఆఫ్‌లకు నాలుగు జట్లూ వెళ్తాయి, అంటే సీజన్‌లో ఎవరూ బయటికి పోరు. ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి మొదటి స్థానంలో ఉన్న ఆల్బనీని సెమీఫైనల్లో వాషింగ్టన్ వాలర్ ఓడించింది. వాలర్ ఆ సీజన్‌లో గెలిచింది రెండే రెండు, ఓడింది పది. ఆ జట్టే ఛాంపియన్ కూడా అయింది. వాలర్ ఆటగాళ్ల కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు, వాళ్లు చివర్లో బాగా ఆడారు. పన్నెండు మ్యాచ్‌లలో పది ఓడినా కప్పు ఎత్తగలిగితే, మే నెలలో జరిగే మామూలు మ్యాచ్‌కి టికెట్ కొనమని జనానికి ఏం చెప్పాలి? అది లీగ్ ఆలోచించుకోవాల్సిన విషయం.

2019కి జట్లు ఆరయ్యాయి. చూడటానికి పెరిగినట్టే ఉంది. అయితే ఆ జట్ల వెనక ఎవరున్నారో చూస్తే బలుపు కాదు, వాపు అని తెలుస్తుంది. వాషింగ్టన్, బాల్టిమోర్ రెండూ వ్యాపారవేత్త టెడ్ లియోన్సిస్ కంపెనీవే. ఫిలడెల్ఫియా, ఆల్బనీ, అట్లాంటిక్ సిటీ మూడింట్లోనూ జావొర్‌స్కీ చెయ్యి ఉంది. అంటే ఆరు జట్లు అన్నా, నిజంగా డబ్బు పెట్టేవాళ్లు గుప్పెడు మందే. వాళ్లలో ఒకరిద్దరు ఇక చాలు అనుకుంటే ఒక జట్టు కాదు, లీగే పోతుంది. ఆల్బనీలో స్టేడియం నిండుతోందా లేదా అన్నది ఆ నిర్ణయాన్ని మార్చలేదు.

ఇంతకీ కొంప ముంచింది ఏంటి? బీమా. వినడానికి చప్పగా ఉంటుంది గానీ ఈ ఆటకు గుండెకాయ లాంటి విషయం ఇది. అమెరికాలో పని చేస్తుండగా దెబ్బ తగిలిన ఉద్యోగికి వైద్యం ఖర్చు, కొంత జీతం ఇవ్వాల్సింది యజమాని తీసుకున్న వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాళ్లకు ఆ ప్రీమియం తక్కువ. పరిగెత్తుకొచ్చి ఒకరినొకరు గుద్దుకోవడం, ఫోమ్ గోడకు తగిలి పడటమే ఉద్యోగం అయినవాళ్లకు ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. మోకాలు, భుజం, తల. సర్జరీ ఇవాళే అవసరం కాకపోవచ్చు, ఏళ్ల తర్వాత క్లెయిమ్ రావచ్చు. దాంతో ఎప్పుడో మూతపడిన జట్ల ఆటగాళ్ల బాకీలు కూడా లీగ్ నెత్తిన కూర్చున్నాయి. పాత బీమా కంపెనీ ఒకటి లక్షల డాలర్ల బకాయిల కోసం కోర్టుకెళ్లింది. టికెట్ల డబ్బుతో సీజన్ ఖర్చులు వెళ్లదీయడమే గగనంగా ఉన్నప్పుడు, ఎప్పటిదో బరువు మోయడానికి మిగిలిన ఓనర్లు సిద్ధపడలేదు. మూతపడటానికి ప్రధాన కారణంగా లీగ్ పెద్దలు చెప్పింది కూడా ఆ పాత బకాయిలనే.

ఎంపైర్ పరిస్థితి ఎలా ఉందంటే, తన ఇంట్లో అప్పు లేకపోయినా ఉమ్మడి కుటుంబం అప్పుకి ఇల్లు పోయినట్టు. పన్నెండు మ్యాచ్‌ల సీజన్‌లో ఇంటి దగ్గర ఆడేది ఆరు. ఆ ఆరు రాత్రుల టికెట్లు, పార్కింగ్, తిండి, టీషర్టుల మీద వచ్చినదాంట్లోంచే అరీనా అద్దె, విమానాలు, హోటళ్లు, జీతాలు, బీమా. పెద్ద ఆటల్లో ఈ గండం గట్టెక్కించేది టీవీ డబ్బు. ఇక్కడ అది లేదు.

మన కబడ్డీతో పోల్చి చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. కబడ్డీ కూడా మట్టి మీద నుంచి పైకప్పు కిందికి, మ్యాట్ మీదికి వచ్చిన ఆటే. 2014లో ప్రో కబడ్డీ మొదలైంది. విశాఖ పోర్టు స్టేడియంలోనో, ఆ తర్వాత గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనో తెలుగు టైటాన్స్ మ్యాచ్‌కి అమ్ముడైన టికెట్ల మీద ఆ జట్టు బతుకు ఆధారపడలేదు. 2015లో లీగ్‌లో పెద్ద వాటా స్టార్ టీవీ తీసుకుంది. ఆట టీవీకి సరిపోయేలా తయారైంది, డబ్బూ అక్కడి నుంచే వచ్చింది. టైటాన్స్ ఏళ్ల తరబడి అడుగున ఉన్న సీజన్లున్నాయి, అయినా జట్టు పోలేదు. ఆల్బనీ గెలుస్తూ పోయింది. అరీనా ఫుట్‌బాల్ స్టేడియంలో కూర్చున్నవాడికి ఎంత మజా ఇచ్చినా, టీవీలో చూస్తే మైదానం ఇరుకుగా, బంతి ఎటు పోయిందో తెలియనంత గజిబిజిగా ఉంటుంది. టీవీ కంపెనీలు డబ్బు కుమ్మరించకపోవడానికి అదీ ఒక కారణం.

2020 కరోనాతో పోయింది. 2021లో ఎంపైర్ పేరుతోనే మళ్లీ జట్టు వచ్చింది, ఈసారి నేషనల్ అరీనా లీగ్‌లో. ఇది ఇంకా చిన్న లీగ్, ఖర్చులు తక్కువ, చిన్న చిన్న ఊళ్ల జట్లు. కోచ్ టామ్ మేనస్ దగ్గర జట్టు 2021లో కొలంబస్ లయన్స్‌ని ఓడించి టైటిల్ గెలిచింది, 2022లో కరోలినా కోబ్రాస్‌ని ఓడించి మళ్లీ గెలిచింది. పాత ఎంపైర్‌నీ కలుపుకుంటే, ఆ పేరుతో వరసగా ఆడిన మూడు సీజన్లలో మూడు టైటిళ్లు. ఇంకేం కావాలి ఒక ఊరికి?

2023లో జట్టు చేతులు మారింది. మెజారిటీ వాటా కొన్నది ఆంటోనియో బ్రౌన్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో ఏళ్ల తరబడి ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే మేటి రిసీవర్లలో ఒకడు, టాంపా బేతో సూపర్‌బౌల్ గెలిచినవాడు, 2022 జనవరిలో న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్ మధ్యలోనే జెర్సీ విప్పేసి మైదానం వదిలి వెళ్లిపోయినవాడు. అన్నిటికంటే ముఖ్యంగా ఆల్బనీకి అతను ‘టచ్‌డౌన్’ ఎడ్డీ బ్రౌన్ కొడుకు. నాన్న పేరు తెచ్చుకున్న ఊరికి కొడుకు ఓనర్‌గా వస్తున్నాడంటే పాత ఫైర్‌బర్డ్స్ అభిమానుల కళ్లలో ఎంత వెలుగు వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. దేశంలోని స్పోర్ట్స్ ఛానళ్లన్నీ మొదటిసారి ఆల్బనీ వైపు చూశాయి.

ఆ వెలుగు రెండు నెలలు కూడా నిలవలేదు. వారాల వ్యవధిలో కోచ్‌లు మారారు, జీతాల గొడవలు బయటపడ్డాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఆంటోనియో బ్రౌన్ తానే మైదానంలోకి దిగుతానని ప్రకటించాడు, దిగలేదు. ఈ లీగుల్లో ఆటగాడి జీతం వారానికి కొన్ని వందల డాలర్లు మాత్రమే. చాలామంది వేరే పని కూడా చేసుకుంటారు. కోట్లు తీసుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్‌కి ఒక వారం చెక్కు ఆగితే తేడా తెలియదు. ఇంటి అద్దె కట్టాల్సిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఆ ఒక్క చెక్కే టెన్షన్. ఊరు కాని ఊరొచ్చి, ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ల కంట పడాలన్న ఆశతో ఒళ్లు హూనం చేసుకునే ఆ కుర్రాళ్లకు డబ్బు ఆలస్యం కావడం ఏ రకంగానూ క్షమించదగ్గది కాదు.

జూన్ 15న లీగ్ ఎంపైర్‌ని తీసేసింది. లీగ్ ప్రకటన సూటిగా ఉంది. ప్రతి జట్టూ నెల నెలా లీగ్‌కి కట్టాల్సిన వాటాలో ఏప్రిల్‌ది కట్టి, దాన్ని సవాలు చేసి వెనక్కి తెచ్చుకున్నారని, మే నెలదీ ఆ తర్వాతదీ అసలు కట్టలేదని, బహిరంగ వ్యాఖ్యల మీద బ్రౌన్‌కి వేసిన వెయ్యి డాలర్ల జరిమానా కూడా రాలేదని. సీజన్ మధ్యలో, వరసగా రెండేళ్లు ఛాంపియన్ అయిన జట్టు, నెలవారీ వాటా కట్టనందుకు బయటికి పోయింది.

తప్పంతా ఒక్క మనిషి మీద తోసేయడం తేలిక, చాలామంది అదే చేశారు. బ్రౌన్ బాధ్యత చిన్నది కాదు. కానీ ఆ లీగ్ ఎలా నడుస్తుందో చూస్తే అసలు లోపం ఇంకా లోపల ఉంది. ఇలాంటి చిన్న లీగ్‌కి కేంద్రంగా ఖజానా అంటూ ఉండదు. అంపైర్ల డబ్బు, బీమా, ఆఫీసు, అన్నీ ఆ నెల ఓనర్లు పంపే వాటాల మీదే నడుస్తాయి. ఒకరు ఆపితే మిగతావాళ్లు జేబులోంచి ఎదురు పెట్టుకోవాలి. కొత్త ఓనర్‌ని తీసుకునే ముందు అతని దగ్గర సీజన్ మొత్తానికి సరిపడా డబ్బు బ్యాంకు గ్యారంటీగా పెట్టించుకుంటే ఈ గొడవ ఉండేది కాదు. కానీ అలా గట్టిగా అడిగితే ఉన్న కొద్దిమందీ రారేమోనన్న భయం. అదే భయం వల్ల పేరున్న మనిషి వస్తున్నాడంటే తలుపులు బార్లా తెరుస్తారు. సీజన్ టికెట్ల డబ్బు ముందే కట్టినవాళ్లకు మిగిలిన మ్యాచ్‌లు లేకుండా పోయాయి, మిగతా జట్లకు షెడ్యూల్లో ఖాళీలు పడ్డాయి. పోయిన పేరుతో పాటు లీగ్ నమ్మకమూ పోయింది.

2024లో అరీనా ఫుట్‌బాల్ లీగ్ పేరుతోనే వేరేవాళ్లు 16 జట్లతో కొత్త లీగ్ పెట్టారు. నెల తిరిగేలోపే డబ్బులు అందక, జీతాలు ఇవ్వలేక దాదాపు సగం జట్లు చేతులెత్తేశాయి. ఆ గందరగోళంలో కూడా ఆల్బనీ నిలబడింది, ఈసారి పాత ఫైర్‌బర్డ్స్ పేరుతో. ఫైనల్ దాకా వెళ్లి బిల్లింగ్స్ అవుట్‌లాస్ చేతిలో 46-41తో ఓడింది. ఆ లీగూ ఆ ఏడాదితో సరి. మిగిలిన జట్లలో కొన్ని కలిసి అరీనా ఫుట్‌బాల్ వన్ అని ఇంకోటి మొదలుపెట్టాయి. 2025లో ఫైర్‌బర్డ్స్ అందులో ఆడింది. అరీనా అదే, ఫోమ్ తొడిగిన గోడ అదే, మొదటి వరస సీట్ల కోసం వచ్చేవాళ్లూ చాలావరకు వాళ్లే. ఎనిమిదేళ్లలో ఆల్బనీకి అది నాలుగో లీగ్.